కారు దిగవద్దన్నది నేనే

హోసూరులో విత్తనాల అంగడి నారాయణప్ప చనిపోయాక, కర్మనాటి భోజనాలకు వెళ్ళాను. ఆకు ముందు కూర్చున్నాక నా పక్కన ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

“మంచోడేప్పా. విత్తనం మొలకెత్తలేదని పోతే, మారు మాట్లాడకుండా ఇంకొక సంచి ఇచ్చి పంపిచ్చేవాడు.”

“ఏం మంచోడు? కెలవరపల్లి మునియప్పని కారుతో గుద్ది కాలు చెరిపి, ఒక్క దినమన్నా పోయి పలకరించినాడా? కుక్కని గుద్దినా దిగి చూస్తారు కదప్పా.”

“అదొకటి ఉండాదిలే.”

“అదొకటే చాలు.”

నేను తల ఎత్తలేదు. వడ్డించినదంతా తిన్నాను. పాయసం రెండోసారి కూడా పోయించుకున్నాను. చేయి కడుక్కుని బస్సెక్కి కృష్ణగిరి వచ్చేశాను.

నారాయణప్ప పలకరించడానికి పోలేదన్నది నిజమే. అయితే పోవాలని అతను అనుకోలేదన్నది మాత్రం నిజం కాదు. పోతానని మూడుసార్లు నా దగ్గరకు వచ్చాడు. మూడుసార్లూ ఆపింది నేను. ఈ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఇప్పుడు ఒక్కడినే మిగిలాను.

డెబ్బైల మొదటి నుంచి నేను కృష్ణగిరిలో మోటారు ఇన్సూరెన్సు క్లెయిములు విచారించే ఉద్యోగం చేశాను. నాకు యాభై ఏళ్ళు దాటగానే మానుకున్నాను. కొత్తగా ఈ పనిలో చేరిన కుర్రవాళ్ళు అప్పుడప్పుడూ ఇంటికి వచ్చి, “సార్, మీ అనుభవం చెప్పండి” అంటారు. ఇన్నాళ్ళూ నవ్వించే కథలు చెప్పి పంపాను. ఇది చెప్పలేదు.

గుద్దింది ఎవరు?

ముందుగా పని ఎలా ఉండేదో చెబుతాను. మా ఆఫీసుకు వచ్చేవాటిలో పెద్ద ప్రమాదాలు తక్కువ. నొక్కుపోయిన మడ్గార్డు, పగిలిన లైటు, ఊడిన బంపరు, ఇలాంటివే ఎక్కువ. మూకండపల్లి పక్క ఫ్యాక్టరీలు వచ్చాక హోసూరులో కార్లు పెరిగాయి, నాకు హోసూరు ప్రయాణాలూ పెరిగాయి. వారంలో సగం రోజులు అక్కడే ఒక అద్దె గదిలో ఉండేవాణ్ణి.

బండ్లు బాగుచేసే షెడ్డులో నిలబడి చూస్తే బండే సగం సంగతి చెబుతుంది. నొక్కు ఏ ఎత్తులో ఉంది, రంగు ఏ పక్కకు గీసుకుపోయింది, గాజు ముక్కలు లోపలికి పడ్డాయా బయటికి పడ్డాయా అని చూడాలి. మిగతా సగం మనుషులు చెప్పాలి. వాళ్ళు చెప్పరు.

ఒకసారి ఒక కాంట్రాక్టరు కారును ఎద్దు గుద్దిందని రాశాడు. ఎద్దుబండి మనిషిని కూడా పిలిపించాను.

“కారు నిలబెట్టి టీ తాగతా ఉన్నాను సార్. ఎద్దు వచ్చి గుద్దింది” అన్నాడు కాంట్రాక్టరు.

బండి మనిషి తువ్వాలు భుజం మార్చుకుని, “సామీ, నా ఎద్దు కాడి కింద ఉండాది. అది పోయి గుద్దల్లంటే బండి కూడా వెంట పోవల్ల. బండి మీద నేనుండాను. నేను ఆ పొద్దు టీ తాగను పోనేలేదే!” అన్నాడు.

షెడ్డులో అందరూ నవ్వారు. కాంట్రాక్టరు కూడా నవ్వేశాడు.

ఇలాంటి అబద్ధాలు ఆశతో ఆడేవి కావు. భయంతో ఆడేవి. చిన్న దెబ్బకే పోలీసు, కోర్టు, ఊరు అన్నీ ఒకేసారి మీద పడతాయని జనం భయం. ఇన్సూరెన్సు మనిషి ఎదురుగా కూర్చుంటే, ఏం చెప్పాలో అతని ముఖం చూసి తెలుసుకోవాలని చూస్తారు. అందుకే మన నోటి నుంచి వచ్చే మాటకు మనం అనుకున్న దానికన్నా బరువు ఎక్కువ. ఇది నాకు ఆలస్యంగా అర్థమైంది.

మత్తూరు జీపు

నేను భయపడటం నేర్చుకున్నది ఒక మామిడికాయల వ్యాపారి కేసులో. మత్తూరు దగ్గర అతని జీపు ఒక సైకిలుకు తగిలి, సైకిలు మీద పోతున్న మంగలి చేయి విరిగింది. మరునాడే వ్యాపారి అతని ఇంటికి వెళ్ళి, పదిమంది ముందు చేతులు పట్టుకుని, “తప్పు నాదేప్పా, ఏమి కావల్లన్నా చూసుకుంటాను” అన్నాడు. నేను నా రిపోర్టులో, యజమాని మంచి మనిషి, తప్పు ఒప్పుకుని వైద్యం చేయిస్తున్నాడు అని రాశాను.

మా మేనేజరు శేషాద్రి గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. పాలసీ వెనకవైపు చిన్న అక్షరాలలో ఒక షరతు ఉంటుంది. కంపెనీ రాతపూర్వకంగా అనుమతించకుండా వాహన యజమాని తప్పు ఒప్పుకోకూడదు, ఏదీ ఇస్తానని మాట ఇవ్వకూడదు. దానిమీద వేలు పెట్టి నా చేత గట్టిగా చదివించారు.

“మంచి మనిషి అని రాయడానికా నీకు జీతం? అతను ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఆ పదిమందీ కోర్టులో సాక్షులు. మనం ఏం వాదించాలి?”

“చేయి విరిగింది సార్. చూసి రావడానికే పోయినాడు...”

“చూసి రావడానికి పోయినవాడు ఊరికే చూసి వస్తాడా? నోరు తెరవడా? పోనియ్యకుండా ఉంటే నోరు తెరిచే పనే లేదు కదా!”

షరతు తప్పాడని వ్యాపారి క్లెయిము నిలిపేశారు. అతను మా మెట్ల మీద కూర్చుని నన్నే చూస్తూ ఉండేవాడు. నాకు మెమో ఇచ్చారు. ఇంక్రిమెంటు ఆగింది. శేషాద్రి గారు చెడ్డవారు కారు. నా తండ్రి పోయినప్పుడు సేలం నుంచి తిరిగి వస్తూ దారిలో దిగి మా ఇంటికి వచ్చి గంటసేపు కూర్చున్న మనిషి. పలకరింపు విలువ ఆయనకు తెలియక కాదు. ఆఫీసు కుర్చీలో కూర్చున్నప్పుడు తెలియనట్టు ఉండటం ఆయనకు అలవాటైంది. ఆ అలవాటు నాకూ పట్టుబడింది.

అప్పటి నుంచి కారు ఉన్నవాళ్ళందరికీ నా పాఠం ఒకటే అయింది. తగిలిందా, నోరు మూసుకో. ఆ పక్కకు పోవద్దు. పాలసీలో ‘పలకరించవద్దు’ అన్న మాట లేదు. అది నేను చేర్చాను.

ఉలవ కట్టె

పంట నూర్పిడి రోజులలో హోసూరు చుట్టూ రైతులు రాగి కంకులు, ఉలవ కట్టె, అంటే కోసి ఎండబెట్టిన ఉలవ మొక్కలు, తారు రోడ్డు మీద పరుస్తారు. బస్సులూ లారీలూ తొక్కి పోతే గింజ రాలుతుంది. కళ్ళం అక్కరలేదు. మా ప్రాంతం డ్రైవర్లకు అది తెలుసు, నెమ్మదిగా పోతారు. ఎండిన ఉలవ కట్టె మీద బ్రేకు వేస్తే చక్రం పట్టు దొరకదని కూడా తెలుసు.

నారాయణప్ప అప్పుడే పాత అంబాసిడరు కొన్నాడు. స్వయంగా నడపడం నేర్చుకుని, లైసెన్సు తీసుకుని ఎక్కువ రోజులు కాలేదు. ఒక మధ్యాహ్నం కెలవరపల్లి పక్క నుంచి వస్తుంటే, గొర్రెలను రోడ్డు దాటిస్తూ మునియప్ప అనే కాపరి అడ్డం వచ్చాడు. నారాయణప్ప ఉలవ కట్టె మీద బ్రేకు వేశాడు. కారు జారి పక్కకు తిరిగి మునియప్ప మోకాలికి కొట్టుకుని, మైలురాయికి ఆనుకుని ఆగింది. కారుకు మడ్గార్డు నొక్కుకుపోయి లైటు పగిలింది.

నారాయణప్ప దిగి అతన్ని లేపాడు. ఆసుపత్రికి పోదాం ఎక్కమంటే మునియప్ప, “ఏమి లేదులేప్పా. గొర్లు చెదిరిపోతాయి, నువ్వు పో” అన్నాడట. కుంటుతూ మందను తోలుకుని వెళ్ళాడు.

ఆ సాయంత్రమే నారాయణప్ప నా గదికి వచ్చాడు. అతని వయసు నాకన్నా చాలా ఎక్కువ. అయినా నిలబడే మాట్లాడాడు.

“ఏమప్పా, కారు కత ఉండనీ. ఆ మనిషి మోకాలు చూసొచ్చిన మా కూలాయన, గుమ్మడికాయంత వాచింది అంటా ఉండాడు. పొద్దున్నే పోయి కారులో ఎక్కిచ్చుకోని బెంగళూరు పెద్దాసుపత్రికి పిల్చుకోని పోతాను.”

“వద్దు” అన్నాను. “ఆసుపత్రికి తీసుకుపోతే తప్పు మీదని ఒప్పుకున్నట్టే.”

“నాదే కదప్పా తప్పు?”

“అది మీరు అనకూడదు. కంపెనీ చెప్పాలి.”

“కంపెనీ ఆడ ఉండిందా? నేనుండినాను.”

నేను మత్తూరు జీపు కథ చెప్పాను. కేసు పడితే అంగడి, ఇల్లు అన్నీ పోతాయని చెప్పాను. అతను వెళ్ళిపోయాడు.

ఇక్కడ ఒక మాట. ప్రమాదంలో ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్ళకు వైద్యం అందేలా చూడటం డ్రైవరు బాధ్యత అని మోటారు చట్టమే చెబుతోంది. ఆ పుస్తకం నా బల్ల మీదే ఉండేది. ఆ సెక్షను నాకు తెలుసు. అది చేస్తే తప్పు ఒప్పుకున్నట్టు కాదని కూడా తెలుసు. ఇంకొక మెమో రాకూడదన్నదే ఆ రోజు నా ఆలోచన.

విచారణకు వచ్చాను

కొన్ని రోజుల తరువాత విచారణ కోసం నేనే కెలవరపల్లి వెళ్ళాను. మునియప్ప ఇంటి ముందు మంచం మీద ఉన్నాడు. మోకాలికి వెదురు దబ్బలు పెట్టి ఆకుపసరుతో కట్టు కట్టారు. కట్టుకు పైనా కిందా చర్మం నల్లబడి మెరుస్తోంది. అతని భార్య లక్ష్మమ్మ నన్ను చూడగానే చెంబుతో నీళ్ళు తెచ్చింది.

“అంగడాయప్ప పంపినాడా? పలకరించను వచ్చినారా సామీ?”

“లేదమ్మా. విచారణకి వచ్చినాను.”

ఆమె చెంబు నా చేతికి ఇవ్వలేదు. కింద పెట్టింది.

నేను మునియప్పను రోడ్డుకు ఏ పక్కన నిలబడ్డావని అడిగాను. కారు హారను కొట్టిందా అని అడిగాను. ఎలా ఉందని అడగలేదు.

“నొప్పి తొడ దాకా ఎక్కుతా ఉండాది సార్. ఆయప్ప వస్తే పెద్దాసుపత్రికి పోదామని అనుకుంటా ఉండాము. రోడ్డు మీద రమ్మన్నాడు, నేనే గొర్లు ఇడిసి రాలేను అంటిని. మళ్ళ వస్తాడు కదా?”

నేను కాగితాలు మడిచి లేచాను. తిరిగి వచ్చి రిపోర్టులో ‘స్వల్ప గాయం’ అని రాశాను. శేషాద్రి గారు చదివి, తల ఊపి, సంతకం పెట్టారు.

నారాయణప్ప రెండోసారి వచ్చినప్పుడు, పోనీ తన భార్యను పంపుతానన్నాడు. అదీ వద్దన్నాను. మూడోసారి చేతిలో అరటిపండ్లు, బన్నులు ఉన్న సంచితో వచ్చాడు.

“నేనేమి మాట్లాడనప్పా. మూగోని మాదిరి పోయి, ఇది ఇచ్చి, మొగం చూపిచ్చి వస్తాను. మా పక్క దెబ్బ తగిలినోన్ని పలకరించకుంటే మనిషి కింద లెక్క లేదు. నీకు తెలియదా? నువ్వేమి దొరల సీమలో పుట్టినావా?”

“పెద్దాయనా, ఆ ఊళ్ళో కారు దిగి నేల మీద కాలు పెడితే ఒప్పుకున్నట్టే. ఎంతగా చూడాలనిపించినా కారు దిగవద్దు.”

ఈ మాట నేను అన్నది అన్నట్టుగా రాస్తున్నాను. అతను సంచి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. నా మాట వినవద్దని అతనికి చెప్పాలనిపించి, కిటికీ దాకా వెళ్ళాను. అతను వీధి మలుపు తిరుగుతున్నాడు. పిలవలేదు. పండ్లు మగ్గిపోతాయని రాత్రి కొన్ని తిన్నాను. మిగతావి ఆఫీసులో పంచాను.

నెల తిరగకుండానే కారుకు కొత్త లైటు, కొత్త మడ్గార్డు వచ్చాయి. మంచి పని జరిగిందని షెడ్డువాడు మెచ్చుకున్నాడు. మునియప్ప మోకాలు వంగని కర్రలా అతుక్కుపోయింది. పరిహారం కోసం అర్జీ పెట్టుకునే హక్కు అతనికి ఉండేది. గడువు ఉంటుందని అతనికి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. నాకు తెలుసు, చెప్పలేదు. కంపెనీ మనిషిని కదా అనుకున్నాను. గడువు పోయింది. మంద వెనక నడవలేక గొర్రెలు అమ్మేశాడు. లక్ష్మమ్మ మూకండపల్లిలో ఫ్యాక్టరీ కట్టడాలకు ఇసుక మోసింది.

ఊరు మాత్రం నారాయణప్పను వదల్లేదు. పెళ్ళిళ్ళలో, సంతలో, అంగడి ముందు కూడా ఆ మాట వచ్చేది. కొన్నేళ్ళ తరువాత ఒకసారి అంగడికి వెళ్ళి, “ఇన్సూరెన్సు వాడు వద్దన్నాడని చెప్పరాదా?” అని అడిగాను.

అతను తక్కెడలో నుంచి రాగులు సంచిలో పోస్తూనే, “ఎట్ల చెప్పేదప్పా? నువ్వు వద్దంటివి, సరే. కాళ్ళు నావే కదా” అన్నాడు.

గట్టు మీద కారు

కర్మ భోజనం తిని వచ్చాక కొన్ని రోజులు నిద్ర సరిగా పట్టలేదు. చివరికి కెలవరపల్లి వెళ్ళాను. మునియప్ప అదే ఇంటి ముందు, కాలు చాచుకుని, తాడు పేనుతున్నాడు. లక్ష్మమ్మ చేటలో ఉలవలు ఏరుతోంది. నన్ను వాళ్ళు గుర్తుపట్టలేదు. నేనెవరో చెప్పి, జరిగింది మొదటి నుంచి చెప్పాను.

మునియప్ప తాడు పేనడం ఆపాడు.

“దిగవద్దని చెప్పినావా?”

“చెప్పినాను.”

అతను భార్య వైపు చూశాడు. “చూస్తివా? అందుకే.”

“ఏమిటి అందుకే?” అని అడిగాను.

“ఆ కారు వచ్చినది సార్. ఆ దినాల్లో ఎన్నోతూర్లు వచ్చినది. అదో, ఆ ఏటి గట్టు మీద నిలబడేది. ఈడికి బాగా కనిపిస్తాది కదా. ఆయప్ప లోపలే కూసోని ఇట్లే చూసేవాడు. దిగేవాడు కాదు. కేసు వేస్తానేమో, చచ్చినానా బతికినానా అని చూసి పోతా ఉండాడు అనుకుంటిమి. ఒక దినం ఈమె తట్టుకోలేక ఆడికి పోయింది.”

లక్ష్మమ్మ చేట కింద పెట్టింది. “నేను గట్టెక్కి పోతిని. నోటికొచ్చినట్ల తిట్టి, దోసిళ్ళతో మన్నెత్తి పోస్తిని. అద్దం మింద, ఆయప్ప మొగం మింద. అద్దం కూడా ఎక్కిచ్చుకోలా ఆయప్ప. సుమ్మనె, ఊరికే కూసోనుండె. కండ్లలో మన్ను పడినా తుడుసుకోలా. ఎంత రాయి గుండెరా అనుకుంటిని.”

నారాయణప్ప నా మాట దాటలేదు. చూడకుండా ఉండలేక వచ్చి, నేను చెప్పినట్టే కారు దిగలేదు.

“నన్ను తిట్టండి” అన్నాను.

“నిన్ను తిడితే ఏమొస్తాదిప్పుడు?” అన్నాడు మునియప్ప. “ఈ కాలు వంగుతాదా? ఆయప్ప లేస్తాడా?”

లక్ష్మమ్మ లేచి నిలబడి, “ఆయప్ప పెండ్లాం ఉండాదా?” అని అడిగింది.

“ఉందమ్మా. హోసూరులోనే.”

“పిల్చుకోని పో. పలకరించి వస్తాను. మొగుడు పోయినామెని పలకరించల్ల కదా.”

మునియప్ప బస్సు మెట్లు ఎక్కలేడు. “నువ్వు పోయిరా” అని ఆమెతో అని, నా వైపు తిరిగాడు. “నువ్వు కూడా లోపలికి పో సార్. ఈతూరి బయటే నిలబడుకోవద్దు.”

కొత్తగా చేరేవాళ్ళకు

దెబ్బ తగిలినచోట మొదట చూడవలసింది మనిషిని. బండి ఎక్కడికీ పోదు. వైద్యం చేయించడం ఒప్పుకోలు కాదని యజమానికి మీరే చెప్పండి. పలకరించడానికి పోతానంటే పోనివ్వండి. భయంగా ఉంటే మీరూ వెంట వెళ్ళండి. దెబ్బ తిన్నవాడికి అతని హక్కు, దాని గడువు చెప్పండి. కంపెనీ మనిషి ఆ పని చేయకూడదని మీ మేనేజరు అంటారు. మెమో కూడా ఇస్తారు. మెమోతో మనిషి చావడు. నాకు వచ్చినది ఇప్పుడు ఎక్కడుందో కూడా తెలియదు.

ఇక మిగిలింది చెబుతాను.

నారాయణప్ప ఇంట్లో అతని భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. లక్ష్మమ్మ వెళ్ళి ఆమె పక్కన కూర్చుని, తానెవరో చెప్పింది. నేను గడప దగ్గర ఆగాను. తరువాత చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, నిలబడే అంతా చెప్పాను. ఆ గట్టు మీద జరిగింది కూడా చెప్పాను.

ఆమె నా వైపు చూడలేదు. లక్ష్మమ్మ చేతులనే చూస్తూ, “ఒక దినం తల నిండా, గుడ్డల నిండా మన్నుతో వచ్చినాడమ్మా. కండ్లు ఎర్రగా ఉండె. ఏమాయె అంటే, దారి సరిలేదు అన్నాడు” అంది.

లక్ష్మమ్మ ఆ చేతులు కొంగులో దాచుకుంది. నారాయణప్ప భార్య ఆ కొంగు లాగి, ఆ చేతులను తన ఒడిలోకి తీసుకుంది.

నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. వాళ్ళు లేచేదాకా నిలబడే ఉన్నాను.